పొట్లంలో ఏముందో ఎవరూ అడగలేదు

“ఇదేమిటో నోరు తెరిచి చెప్పు అన్నయ్యా!”

చిన్నది ఆ కాగితం పొట్లాన్ని కత్తిరింపుల బల్ల మీదికి విసిరికొట్టింది. పొట్లం విడిపోయి మూడు బిళ్ళలు దొర్లాయి. ఒకటి పసుపుది, రెండు చిన్న తెల్లవి. తెల్లవాటిలో ఒకటి బల్ల అంచుదాకా పోయి సుద్దముక్కల డబ్బాకు తగిలి ఆగింది.

పెద్దాడు చెల్లెలి మొహం చూడలేదు. బిళ్ళల్ని చూశాడు. పాతికేళ్ళుగా మందుల షాపులో నిలబడుతున్నవాడు, వాటిని గుర్తుపట్టడానికి ఎంతసేపు కావాలి?

“దగ్గుకి,” అన్నాడు.

“దానికి పేరు లేదా?”

“పేరు చెబితే నీకేం తెలుస్తుంది?”

“తెలియదనే పొద్దున్నే వీధి చివర ఇంకో మందుల షాపు తెరిచేదాకా నిలబడి ఆయన్ని అడిగొచ్చాను. ఆ తెల్లది స్టెరాయిడ్ అన్నాడు. ఆ మాట నీ నోటితో చెప్పు. వినాలనుంది.”

“అరవకు. అమ్మ ఉంది.”

అమ్మ అక్కడే ఉంది. కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని స్కూలు పిల్లల నిక్కరుకి అంచు కుడుతోంది. వీధి వీధంతా మాస్టరమ్మ అని పిలిచే ఆ మనిషి, కూతురు అరిచినా కొడుకు నసిగినా తల తిప్పలేదు. కింద ఆవిడ టైలరింగు షాపు, పైన ఇల్లు. ఇవాళ పని లేదని చెప్పడానికి షట్టరు సగానికి దించారు. మెట్ల దగ్గర పెద్దాడి భార్య, ఆ ఇంటి కోడలు, కూర్చుని కుట్టడం అయిపోయిన చొక్కాలకు బొత్తాలు వేస్తోంది. ఆ ఇంట్లో గొడవ జరిగినప్పుడల్లా ఆవిడ చేతిలో ఏదో ఒక పని ఉంటుంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి మాస్టరమ్మ ఆస్పత్రిలో చేరాలి.

“తొమ్మిది రోజులైంది,” అంది చిన్నది. “తొమ్మిది రోజులుగా అమ్మకి ఆయాసం లేదు, దగ్గు లేదు. మొన్న మధ్యలో ఎక్కడా ఆగకుండా మెట్లెక్కి వచ్చి, ఆకలేస్తోంది, ఇంకాస్త పెట్టు అంది. నేను పిచ్చిదానిలా పొంగిపోయాను. స్కూల్లో స్టాఫ్‌రూమంతా చెప్పుకున్నాను. ఇవాళ కత్తెర కోసం సొరుగు లాగితే ఇది కనబడింది.”

“ఆయాసం తగ్గిందా లేదా?”

“తగ్గించావు! చాలా గొప్ప పని చేశావు!”

చిన్నది హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. కోపం ముదిరేకొద్దీ ఆవిడ గొంతు తగ్గుతుంది. మాటలు విడివిడిగా, బోర్డు మీద రాసినట్టు పడతాయి. ఆవిడ క్లాసులో పిల్లలు అరుపులకు భయపడరు, ఈ గొంతుకు భయపడతారు.

“విను. ఇంకొక్కసారి చెప్తాను. అమ్మకి ఊపిరితిత్తుల్లో ఉన్నది నాలుగో దశ క్యాన్సరు. రెండు రకాల మందులు వాడి చూశారు. రెండూ పనిచేయలేదు. మిగిలింది ఈ ప్రయోగం ఒక్కటే. అమ్మ రక్తంలోంచి రోగంతో పోరాడే కణాల్ని తీశారు. ఆ గడ్డని గుర్తుపట్టేలా వాటిని మార్చి, ఐదు వారాలుగా లాబ్‌లో పెంచుతున్నారు. రేపట్నించి మూడు రోజులు మందు ఎక్కించి, ఒంట్లో ఇప్పుడున్న కణాల్ని ఖాళీ చేస్తారు. ఆ తర్వాత పెంచినవాటిని వదుల్తారు. నీ తెల్లబిళ్ళ ఏం చేస్తుందో తెలుసా? సరిగ్గా ఆ కణాల్నే పడుకోబెడుతుంది. పాతవి పోయి, కొత్తవి పడుకుంటే, ఇంక అమ్మకి అడ్డం నిలబడేది ఎవరు? నువ్వా?”

పెద్దాడు మెడ వెనక గోక్కున్నాడు.

“చిన్న డోసే,” అన్నాడు.

“పూటకి రెండు. మూడు పూటలకి ఆరు. తొమ్మిది రోజులకి యాభై నాలుగు. యాభై నాలుగు బిళ్ళలు నీకు చిన్న డోసా?”

మిషను ఆగింది.

“వాడి మీద పడతావేం?” అంది మాస్టరమ్మ. “నేనే అడిగాను. ఊపిరందక చస్తున్నాను, ఏదైనా ఇవ్వరా అన్నాను. ఇచ్చాడు.”

“నువ్వు మాట్లాడకమ్మా. నీతో నాకు వేరే ఉంది. రోజూ సాయంత్రం అడిగానా లేదా? ఆస్పత్రివి కాక ఇంకేమైనా మందులు వేసుకున్నావా అని? రోజూ లేదన్నావు. నువ్వు లేదనడం, ఆస్పత్రివాళ్ళిచ్చిన పుస్తకంలో నేను లేదని రాయడం, కింద సంతకం పెట్టడం. ఎన్ని సంతకాలు పెట్టానో తెలుసా?”

“లేదనే చెప్పాను. వేసుకోలేదు కాబట్టి.”

“మరి ఇదేమిటి?”

“అది పొట్లం.”

చిన్నదానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

“మందులంటే ఆస్పత్రివి,” అంది మాస్టరమ్మ, బుర్ర తక్కువ పనిపిల్లకి కొలత చెబుతున్నట్టు. “నువ్వు డబ్బాలో పెట్టి, వారాల పేర్లు రాసి ఇచ్చావు. ఒక్కటి తప్పకుండా వేసుకున్నాను. ఇది పెద్దాడి పొట్లం. తలనొప్పికిస్తాడు, నడుం నొప్పికిస్తాడు. దీన్ని ఎవరైనా మందంటారా?”

బయటివాళ్ళెవరైనా వింటే నవ్వుకునేవాళ్ళే. ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ ఇంట్లో పెరిగినవాళ్ళెవరూ పొట్లాన్ని ఏనాడూ మందనుకోలేదు. తండ్రి పోయిన ఏడాదే పెద్దాడు చదువు మానేసి మందుల షాపులో పనికి కుదిరాడు. ఇప్పుడు ఆ షాపు అతనిదే. ఒంట్లో బాగాలేదని ఎవరంటే వాళ్ళకి స్ట్రిప్పుల్లోంచి బిళ్ళలు తీసి, తెల్లకాగితంలో మడిచి, పైన పూటకో గీత గీసి ఇస్తాడు. పేరుండదు, చీటీ ఉండదు. చిన్నది కూడా పరీక్షలన్నీ ఆ పొట్లాలు మింగే రాసింది. డిగ్రీ పుచ్చుకుంది, పిల్లలకి సైన్సు ఫెయిర్లు చేయించింది, అన్నయ్య పొట్లంలో ఏముందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆ ఇంట్లో ప్రేమ అంటే అదే, కాగితంలో మడిచి చేతిలో పెట్టడం. అదే ఇవాళ కొంప ముంచింది.

షట్టరు కింద నుంచి ఒక తల లోపలికొచ్చింది. వీధిలో మూడో ఇంటావిడ.

“మాస్టరమ్మా, మా పిల్ల స్కర్టు అయిందా? రేపు ఆస్పత్రికట కదా, మళ్ళీ ఎప్పుడొస్తారో అని…”

“అయింది. కోడలా, ఆ నీలం స్కర్టు ఇవ్వు.”

కోడలు లేచి స్కర్టు మడిచి అందించింది. ఆవిడ పుచ్చుకుని వెళ్ళిపోకుండా మాస్టరమ్మని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఏం జబ్బండీ, మొహం ఎంత నిండుగా ఉందో! పోయిన నెల చూస్తే భయమేసింది. ఇప్పుడు బుగ్గలొచ్చాయి. నా మాట వినండి, మీకు సగం తగ్గిపోయింది.”

“మీరు వెళ్ళండి,” అంది చిన్నది.

“కాదమ్మా, నిజంగానే…”

“వెళ్ళమన్నాను కదండీ!”

తల మాయమైంది. వీధిలో చెప్పుల చప్పుడు విసవిసా వెళ్ళిపోయింది. సాయంత్రానికి మాస్టరమ్మ కూతురికి కళ్ళు నెత్తికెక్కాయని నాలుగిళ్ళలో చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

“ఆ బుగ్గలు కూడా నీ బిళ్ళలవే,” అంది చిన్నది అన్నగారితో. “సంతోషమా?”

పెద్దాడు బిళ్ళలు ఏరి కాగితంలో పోశాడు. కాగితం మడిచాడు. అలవాటు కొద్దీ మడత గోటితో నొక్కాడు కూడా. చెల్లెలు చూస్తోందని తెలిసి ఆపాడు.

“సరే, అయిందేదో అయింది,” అన్నాడు. “ఇవాళ్టితో ఆపేద్దాం. నాలుగు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. అసలు కణాలు ఎక్కించేది గురువారం కదా? అప్పటికి ఏమీ మిగలదు. ఇప్పుడు ఆస్పత్రికి చెప్పి గోల చేయకు.”

“చెప్పకూడదా?”

“చెబితే ఏమవుతుంది? పేరు కొట్టేస్తారు. మన వెనక ఎంతమంది వరసలో ఉన్నారో నువ్వే చెప్పావు. అమ్మని బయటికి తోసి ఇంకొకళ్ళని తీసుకుంటారు. అది కావాలా నీకు?”

“నాలుగు రోజుల్లో పోతుందని నీకెవరు చెప్పారు?”

“పాతికేళ్ళ నుంచీ అమ్ముతున్నాను!”

“అమ్ముతున్నావు! అమ్మడం వేరు, తెలియడం వేరు!”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారాక వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. పెద్దాడి మొహం నల్లబడింది.

“అదీ,” అన్నాడు. “ఇన్నాళ్ళకి బయటికొచ్చింది. నేను చదువుకోలేదు. నువ్వు చదువుకున్నావు. సరే, చదువుకున్నదానివి కదా, ఒక్క మాట అడుగుతాను చెప్పు. ఏమేం మందులు వాడకూడదో ఆస్పత్రివాళ్ళు ఒక లిస్టు ఇచ్చే ఉంటారు. ఇచ్చారా లేదా?”

చిన్నది సుద్దముక్కల డబ్బాకు మూత పెట్టింది.

“ఇచ్చారా లేదా?”

“ఇచ్చారు.”

“ఎన్ని పేజీలు?”

“నాలుగు.”

“ఎక్కడుంది?”

“నా బ్యాగులో ఉంది. ఫైల్లో.”

“ఈ ఇంట్లో మందులమ్మేవాడు ఒక్కడే ఉన్నాడు. నాకు చూపించావా? ఒక్కసారైనా, ఇదిగో అన్నయ్యా, వీటి జోలికి పోకు అన్నావా? నేను ఆస్పత్రికి వస్తానంటే షాపు చూసుకో అన్నావు. డాక్టరేమన్నాడంటే, నీకర్థం కాదులే అన్నావు. ఆ ఫైలు ముట్టుకోబోతే, కాగితాలు కలిసిపోతాయి అన్నావు. అమ్మ నీ ఒక్కదానికే అమ్మా?”

బల్ల మీద ఫ్యాను గాలికి కాగితపు కొలతపట్టీ ఒకటి లేచి పడుతోంది. చిన్నది దాని మీద స్కేలు పెట్టింది. అన్నగారు అన్నది అక్షరాలా నిజం. లిస్టు చూపించాలని ఆవిడకు తోచనే లేదు. అన్నయ్యంటే షాపు, షాపంటే పొట్లం, పొట్లమంటే మందు కాదు. తల్లిని వెక్కిరించిన ఆ లెక్కే తన బుర్రలోనూ ఉందని ఇప్పుడు తెలిసి, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సిగ్గు కూడా ఆవిడకి కోపంలాగే వస్తుంది.

“తప్పే,” అంది పళ్ళు బిగించి. “చూపించకపోవడం నా తప్పే. అందుకని రేపు నోరు మూసుకుని అమ్మని తీసుకెళ్ళి పడుకోబెట్టమంటావా?”

“నేనన్నది…”

“ఆపండి.”

మాస్టరమ్మ మెడలోని టేపు తీసి మిషను మీద పెట్టింది. లేచి నిలబడింది. తొమ్మిది రోజుల కిందట ఆ మనిషి ఇలా లేవాలంటే మిషను పట్టుకుని రెండుసార్లు ఊపిరి పీల్చుకునేది.

“ఇందాకటి నుంచీ వింటున్నాను. వాడి చదువు, నీ ఫైలు, వాడి షాపు, నీ సంతకం. నా మాట ఎవరికైనా గుర్తుందా?”

పెద్దాడు కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

“నేను బాగుపడుతున్నాననుకున్నాను,” అంది ఆవిడ.

గొంతు పెద్దది చేయలేదు. కానీ పెద్దాడు దెబ్బ తగిలినట్టు ఒకడుగు వెనక్కి వేశాడు.

“తొమ్మిది రోజులు. మెట్లెక్కాను. ఆకలేసింది. తెల్లవారకుండానే మెలకువ వచ్చి, ఇంత ఓపిక ఎక్కడినుంచి వచ్చిందా అని మిషను ముందు కూర్చున్నాను. రోగం తగ్గుముఖం పట్టింది, ఆ పెంచిన కణాలు కూడా వచ్చి చేరితే ఇంక నాకేం అనుకున్నాను. యాభై జతల యూనిఫాం ఒప్పుకున్నాను. వచ్చే ఏడాదికి కూడా నేనే కుడతానని ఆ స్కూలు హెడ్మాస్టరుకి మాటిచ్చాను. వచ్చే ఏడాదికి! ఇప్పుడేమో అదంతా బిళ్ళ అంటున్నారు. నా ఒంట్లో ఏదీ బాగుపడలేదు, బిళ్ళ ఆడించింది, నేను ఆడాను. అంతేనా?”

“అమ్మా…” అన్నాడు పెద్దాడు.

“నువ్వు మాట్లాడకు. ఊపిరాడటానికి ఇవ్వమన్నాను, నిజమే. కానీ నేను, బాగుందిరా, తగ్గిపోతోందిరా అంటుంటే, ఇది తగ్గడం కాదమ్మా, బిళ్ళ మహిమ అని ఒక్కమాట చెప్పలేకపోయావా? నా ఎదురుగా కూర్చుని తలాడించావు కదరా!”

పెద్దాడు కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి ఏడుపు తొందరగా వస్తుంది. తల్లికి అది మొదటినుంచీ నచ్చదు.

“నువ్వు నవ్వుతుంటే చెప్పబుద్ధి కాలేదమ్మా,” అన్నాడు.

“కాదు మరి! నీకు చెప్పబుద్ధి కాదు, దానికి చూపించబుద్ధి కాదు. చావాల్సింది నేను.” మాస్టరమ్మ కూతురి వైపు తిరిగింది. “ఫోన్ చెయ్యి.”

“అమ్మా, ఒకవేళ పేరు కొట్టేస్తే…” అన్నాడు పెద్దాడు.

“కొట్టేస్తే కొట్టేస్తారు. దొంగ కొలతలిచ్చి బట్ట కుట్టించుకున్నవాళ్ళని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. పొట్ట లోపలికి పీల్చి కొలతిస్తారు, తర్వాత వచ్చి బిగుతైందని నా మీద పడతారు. నేనలాంటిదాన్ని కాను. చెయ్యవే.”

చిన్నది స్టడీ నర్సుకి ఫోన్ చేసింది. ప్రయోగంలో చేరినవాళ్ళ మంచిచెడ్డలు కనిపెట్టుకుని ఉండే మనిషి ఆవిడ. అందరూ వినేలా స్పీకరు పెట్టి ఫోన్ని బల్ల మీద ఉంచమంది మాస్టరమ్మ.

చిన్నది చెప్పింది. బిళ్ళ పేరు, రోజుకెన్ని, ఎన్ని రోజులు. ఒక్క అంకె తప్పు పోలేదు. అటువైపు పెన్ను కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు వినబడింది.

“చెప్పి మంచిపని చేశారు మేడం,” అంది నర్సు. “రేపు మందు ఎక్కించాక తెలిసుంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. పొద్దున బిళ్ళ వేసుకున్నారా?”

“వేసుకుంది.”

“ఇంక వద్దు. డాక్టరుగారితో మాట్లాడి చేస్తాను. ఒక్క ప్రశ్న, ఇది చాలా ముఖ్యం. అంతకుముందు ఎప్పుడైనా ఈ మందు వాడారా? ముఖ్యంగా కణాలకోసం రక్తం తీసిన రోజుల్లో?”

“లేదండీ,” అంది చిన్నది వెంటనే. “ఆరోజు మీరు అడిగారు, నేను లేదని రాసిచ్చాను. నాకు బాగా గుర్తుంది.”

“పేషెంటుని కూడా అడిగి చెప్పండి.”

“అక్కర్లేదండీ, నేనే పక్కన…”

“వాడారు.”

ఆ మాట మెట్ల దగ్గర నుంచి వచ్చింది.

కోడలు చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. సూది చొక్కాకే గుచ్చి ఉంది. పదహారేళ్ళ కాపురంలో ఆవిడ ఆ ఇంటి గొడవల మధ్య నోరు పెట్టడం అదే మొదటిసారి.

“ఏమన్నావు వదినా?” అంది చిన్నది.

“వాడారు అన్నాను. రక్తం తీసిన వారం. ఐదు రోజులు.” కోడలు మొగుడి వైపు చూడకుండా బల్ల మీద ఫోన్ వైపు చూసి మాట్లాడింది, నర్సుకే చెబుతున్నట్టు. “అప్పుడు అత్తయ్యకి దగ్గు బాగా ఎక్కువగా ఉంది. ఈయన ఇచ్చారు. పొట్లాలు కట్టింది నేనే. షాపులో పొట్లాలు కట్టేది ఎప్పుడూ నేనే.”

“నువ్వు నోర్ముయ్!” అన్నాడు పెద్దాడు.

“ముయ్యను. పదహారేళ్ళుగా మూసుకునే ఉన్నాను. అప్పుడే అడిగాను మిమ్మల్ని. రేపు రక్తం తీస్తారు కదా, ఇది ఇవ్వొచ్చా, ఒకసారి చిన్నదాన్ని అడగండి అన్నాను. చిన్నదాన్ని అడిగేదేంటి, నాకు తెలియదా అన్నారు. అన్నారా లేదా?”

పెద్దాడు గోడకి చేరగిలబడ్డాడు.

“మేడం, లైన్లో ఉన్నారా?” అంది నర్సు.

“ఉన్నాను,” అంది చిన్నది. ఆవేళ నర్సు ప్రశ్న అడిగినప్పుడు తల్లి పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ప్రశ్న అడిగింది తల్లిని. జవాబు చెప్పింది తను. తల్లి నోరు తెరిచే లోపలే, నర్సు తలెత్తే లోపలే, లేవు అని చెప్పేసి సంతకం పెట్టేసింది.

“డాక్టరుగారు చేస్తారు. ఫోన్ దగ్గరే ఉండండి,” అని నర్సు పెట్టేసింది.

ఆ ఫోన్ రావడానికి ముప్పావుగంట పట్టింది. పెద్దాడు షట్టరు దాకా వెళ్ళి వచ్చాడు, మళ్ళీ వెళ్ళి వచ్చాడు. కోడలు మిగిలిన బొత్తాలన్నీ కుట్టింది, దారం కొరికింది, చొక్కాలు దొంతి పెట్టింది. చిన్నది బ్యాగులోంచి ఫైలు తీసి నాలుగు పేజీల లిస్టు బల్ల మీద పరిచింది. ఎవరి కోసమో ఆవిడకే తెలియదు. పెద్దాడు ఆగి చదివాడు. మొదటి పేజీలో మూడో పేరు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

మాస్టరమ్మ మాత్రం నిక్కరు అంచు పూర్తి చేసింది. నాలుగో దశ రోగం ఆవిడదే అయినా, ఆ గదిలో స్థిమితంగా ఉన్నది ఆవిడ ఒక్కతే. స్థిమితం అంటే శాంతం అనుకునేరు. అంత కోపం వచ్చినప్పుడు ఆవిడ చేతులు వణకవు, అంతే.

ఫోన్ మోగింది. చిన్నది చెయ్యి చాపింది.

“ఇటివ్వు,” అంది మాస్టరమ్మ.

“అమ్మా, వాళ్ళు చెప్పేది నీకు…”

“ఇటివ్వమన్నాను.”

ఆవిడే మీట నొక్కింది.

“పేషెంటు తాలూకు ఎవరు మాట్లాడుతున్నారు?” అంది మగగొంతు.

“తాలూకు కాదు, పేషెంటునే. చెప్పండి డాక్టరుగారూ. నాకే చెప్పండి.”

ఈ ఆరు నెలల్లో ఆవిడ గొంతు ఆయన విన్నది తక్కువ.

“సరేనమ్మా. మీ కణాలు మేమనుకున్నంత పెరగలేదు. కావలసినదానిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఎందుకు పెరగలేదో మాకు అర్థం కాలేదు. ఇప్పుడు తెలిసిందనుకుంటున్నాను. ఇలా కూడా ముందుకు వెళ్ళొచ్చని నిన్నటిదాకా అనుకున్నాం. రేపు మాత్రం చేర్చుకోలేం.”

“పేరు కొట్టేశారా?”

“లేదు. మీరే చెప్పారు కాబట్టి పైవాళ్ళు ఒప్పుకున్నారు. రెండు దారులున్నాయి. ఒకటి, ఈ బిళ్ళ పూర్తిగా ఒంట్లోంచి పోయేదాకా రెండు వారాలు ఆగి, ఉన్న కొద్ది కణాలే ఎక్కించడం. అవి చాలతాయని నాకు నమ్మకం లేదు. రెండోది, ఆ రెండు వారాల తర్వాత మళ్ళీ రక్తం తీసి, మొదటినుంచి పెంచడం. మొత్తం ఏడు వారాలు.”

“ఏడు వారాలు నేనుంటానా?”

“అమ్మా!” అంది చిన్నది.

మాస్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. “చెప్పండి డాక్టరుగారూ. ఉంటానా?”

“ఉండొచ్చు. ఖచ్చితంగా అని నేనంటే అబద్ధం. ఆ బిళ్ళ మానేశాక ఆయాసం మళ్ళీ వస్తుంది. ఇంతకుముందు కంటే ఎక్కువే రావచ్చు. ఇంటికి ఆక్సిజన్ పంపుతాం. దగ్గుకి వేరే మందులిస్తాం. అవి ఈ బిళ్ళంత పనిచేయవు. ఈ బిళ్ళ ఒక్కటి వేసుకున్నా మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకోసారి మొదలుపెట్టడానికి మాత్రం టైముండదు.”

“మళ్ళీ పెంచినవైనా పనిచేస్తాయా?”

“ఇప్పటిదాకా పదకొండు మందికి ఇచ్చాం. నలుగురికి గడ్డ తగ్గింది. ఇది ప్రయోగం అమ్మా. నా దగ్గరున్నది అంతే.”

“అది చాలు,” అంది మాస్టరమ్మ. “ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పారు. మొదటినుంచే పెంచండి.”

“ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని సాయంత్రం…”

“మాట్లాడుకోవడం అయింది. ఉంటాను.”

ఫోన్ బల్ల మీద పెట్టి ఆవిడ కూతురి వైపు చూసింది. “ఆ పుస్తకం నాకివ్వు. ఇవాళ్టి నుంచి నేనే రాసుకుంటాను. నా అక్షరాలు వంకరైతే వాళ్ళే తంటాలు పడతారు.”

చిన్నది పుస్తకం ఇచ్చింది. ఏదో అనబోయింది. తల్లి అప్పటికే కొడుకు వైపు తిరిగింది.

“ఒరే, ఇలా చూడు.”

పెద్దాడు చూశాడు.

“ఏడు వారాలు. నాకు దగ్గొస్తుంది. ఊపిరందదు. గోడ పట్టుకుని నిలబడతాను. మొహం నీలంగా అవుతుంది. నీ షాపులో రెండో అరలో ఆ బిళ్ళ ఉంటుంది. రెండు పూటల్లో తగ్గించేస్తుందని నీకు తెలుసు. నాకూ తెలుసు. నువ్వివ్వకూడదు. నేనడిగినా ఇవ్వకూడదు. ఏడ్చి అడిగినా, తిట్టి అడిగినా, నీ చేతులు పట్టుకుని అడిగినా ఇవ్వకూడదు. నా ఎదురుగా కూర్చుని చూడాలి. కూర్చోగలవా?”

పెద్దాడు తల ఆడించబోయాడు.

“నిన్నేరా. ఈసారి తలాడించొద్దు. కూర్చోగలవా?”

కోడలు లేచి నిలబడింది. చిన్నది, ఊ అను అన్నయ్యా, ఆ ఒక్క మాట అనెయ్యి అని మనసులో బతిమాలుకుంది.

పెద్దాడు తల్లి మొహంలోకి సూటిగా చూశాడు.

“కూర్చోలేనమ్మా,” అన్నాడు. “నా వల్ల కాదు.”